పులివెందుల వచ్చింది, దిగాల

పధ్నాలుగేళ్లు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉద్యోగం చేసిన పాల్ రాజు కాలు, సొంతింట్లో నాపరాళ్ల మీద విరిగింది. మంచినీళ్ల క్యాను భుజానికెత్తుకుని వరండాలోంచి లోపలికి వస్తున్నాడు. బండలు అప్పుడే కడిగి ఉన్నాయి. క్యానుకు చిన్న సొట్ట కూడా పడలేదు. చీలమండ దగ్గర మాత్రం ఎముక చిట్లింది. డాక్టరు మోకాలి కింద దాకా పిండికట్టు వేసి, నలభై అయిదు రోజులు ఇల్లు కదలొద్దన్నాడు.

ప్రొద్దుటూరు డిపోలో కండక్టరు అతను. జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల పోయే బస్సు అతనిది. ఆ బస్సు డ్రైవరు దాసయ్య ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"ఏ స్టేజీలో పడినావప్పా?"

"వంటింటికీ వరండాకూ మధ్యలో."

"అయితే డ్యూటీలో పడినట్టు రాయలేం," అని దాసయ్య నవ్వి పెట్టేశాడు.

పాల్ రాజు భార్య మేరీ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. పొద్దున ఎనిమిదిన్నరకు పోతే సాయంత్రం అయిదుకు వస్తుంది. వాళ్ల కూతురు షారోన్‌కు మూడేళ్లు. ఇన్నాళ్లూ షారోన్‌ను పగలంతా పక్క పోర్షన్‌లో ఉండే రేష్మా చూసుకునేది. రేష్మా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె కొడుకు జమీర్‌కు రెండున్నరేళ్లు. ఆమె భర్త బాషా బండల లారీ తోలుతూ వారానికోసారి ఇల్లు చేరతాడు. ఇద్దరు పిల్లల్నీ కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని ఆమె మిషను తొక్కుకునేది.

కట్టు వేసిన మూడో రోజు రేష్మా గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఇది పెండ్లిండ్ల సీజను. నలభై జాకెట్లు ఉండాయి నా మీద. నువ్వు ఎట్లా ఇంట్లోనే ఉంటావు కదా. పది నుంచి ఒంటిగంట దాకా పిల్లోళ్లను చూస్తావా?"

"ఇద్దరే కదా. నా బస్సులో రోజూ నూరు మందిని చూస్తా," అన్నాడు పాల్ రాజు.

నిజానికి అతనికి తన కూతురితోనే అంత పరిచయం లేదు. ఆమె నిద్ర లేవకముందే డ్యూటీకి పోయేవాడు, పడుకున్నాక వచ్చేవాడు. కొన్ని రోజులు రాత్రి పులివెందులలోనే బస. షారోన్ లెక్కలో నాయన అంటే ఆదివారం చర్చికి తోడొచ్చే మనిషి. పడినా, దెబ్బ తగిలినా, ఆకలైనా అమ్మ దగ్గరికి పోయేది. అమ్మ లేకపోతే రేష్మా దగ్గరికి. ఆ వరుసలో మూడో పేరు లేదు.

మొదటి రోజు పావుగంట ప్రశాంతంగా గడిచింది. తర్వాత నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు దగ్గర గొడవ మొదలైంది. ఒక అంచు షారోన్ పట్టుకుంది, ఇంకో అంచు జమీర్ పట్టుకున్నాడు.

"నాది," అని షారోన్.

"మేరా," అని జమీర్. వాడి ఇంట్లో ఉర్దూ. తెలుగు ఇంకా నోటికి రాలేదు. వాడు మేరీని పిలుస్తున్నాడేమో అని పాల్ రాజు మొదట పొరబడ్డాడు. ఆ మాటకు 'నాది' అని అర్థమని తెలిసేసరికి ఇద్దరూ టబ్బుతో పాటు కింద పడ్డారు.

"ఎవరు ముందు తీసుకున్నారు?" అని అతను మంచం మీది నుంచి అడిగాడు. ఇద్దరూ తమ గుండెల మీద చేతులు పెట్టుకున్నారు. పాల్ రాజు చంకకర్ర సాయంతో లేచి, టబ్బు లాక్కుని అటక మీద పడేశాడు. బస్సులో ఇద్దరు సీటు కోసం కొట్టుకుంటే మూడో మనిషిని కూర్చోబెట్టేసే పద్ధతి అది. బస్సులో పనిచేస్తుంది. ఇక్కడ ఇద్దరూ ఒకే గొంతుతో ఏడుపు ఎత్తుకున్నారు. గోడ అవతల మిషను చప్పుడు ఆగింది. రేష్మా నోట్లో దారం ముక్కతోనే వచ్చింది.

"ఏందన్నా, ఎవరికన్నా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. నువ్వు పో. నేను చూస్తా."

ఆ మూడు గంటల్లో మిషను ఆరుసార్లు ఆగింది.

రెండో రోజు ఆటోలో ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకుంటూ పోయేవాణ్ని కిటికీలోంచి కేకేసి, అలాంటిదే ఇంకో టబ్బు కొన్నాడు. అదే సైజు, అదే నీలం. చెరొకటి ఇచ్చి, కాలు చాపుకుని, తన తెలివికి తనే సంతోషపడ్డాడు. పిల్లలు రెండు టబ్బుల్నీ చూశారు. కొత్తదానికి ఇంకా ధర చీటీ అంటుకుని ఉంది. ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు. అతను చీటీ పీకేశాడు. అప్పుడు చీటీ కోసం కొట్టుకున్నారు. చివరికి కొత్త టబ్బును రేష్మా లైనింగు గుడ్డలు నానేసుకోవడానికి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం మేరీ వచ్చి చెప్పులు విప్పుతుండగానే తన కష్టం చెప్పుకున్నాడు. ఆమె అంతా విని, నీళ్లు తాగి, మంచం అంచున కూర్చుంది.

"వాళ్లకు ఏం కావాల్నో అడిగినావా?"

"ఎందుకడగలేదు? ఎవరు ముందు తీసుకున్నారని అడిగినా."

"అది పోలీసోళ్లు అడిగేదయ్యా. టబ్బుతో ఏం జేయాలనుకున్నారో అడిగినావా అంటాండా. మా ఆస్పత్రిలో సూదేసేటప్పుడు ఏడవొద్దురా అంటే పిల్లోడు ఇంకా ఏడుస్తాడు. భయంగా ఉందా, ఈ చేతికా ఆ చేతికా అని అడిగితే, భయపడతానే చెయ్యి చూపిస్తాడు."

"రెండున్నరేండ్లోడు ఏం చెప్తాడు? వానికి మాటలే లేవు."

"లేకుంటే నువ్వు ఇయ్యి. నోట్లో మాట లేకనే కదా చేతులు లేస్తాండేది."

ఆమె వంటింట్లోకి పోయింది. పాల్ రాజు కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి అతని బస్సులో సీటు తగాదా లేని ట్రిప్పు లేదు. కిటికీలోంచి తువ్వాల వేసినామె ఒకతి, ముందు ఎక్కి కూర్చున్నామె ఒకతి. గట్టిగా అరిచి ఒకరిని లేపితే, ఆ అరుపులు తర్వాతి ఊరు దాకా సాగేవి. అయితే ఎప్పుడన్నా ఓపిక ఉన్న రోజు, "యాడ దిగాల మీరిద్దరూ?" అని అడిగేవాడు. ఒకామె ముద్దనూరనేది, ఇంకొకామె పులివెందులనేది. అప్పుడు వాళ్లే సర్దుకునేవాళ్లు. ముద్దనూరు దాకా నువ్వు కూర్చో, ఆడి నుంచి నేను కూర్చుంటా అని. నూరు మందిని చూసినవాడికి ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో గుర్తు రానందుకు అతనికి కొంచెం సిగ్గేసింది.

మరుసటి రోజు పదిన్నరకు టబ్బు తగాదా మళ్లీ మొదలైంది. పాల్ రాజు మంచం దిగి, కట్టు కాలు ముందుకు చాపి నేల మీద కూర్చున్నాడు. టబ్బు మీద తన చెయ్యి కూడా వేశాడు. లాక్కోలేదు.

"షారోన్‌కు టబ్బు కావాల. జమీర్‌కు టబ్బు కావాల. టబ్బు ఒకటే ఉంది. ఏం జేద్దాం?"

ఇద్దరూ ఏడుపు ఆపారు. సమాధానం తెలిసి కాదు. ఆ మనిషి అంత కిందికి ఎప్పుడూ రాలేదు, అందుకని.

"షారోన్, టబ్బుతో ఏం జేస్తావమ్మా?"

"బొమ్మకు నీళ్లు పోస్తా."

"నువ్వు ఏం జేస్తావు జమీరూ?"

జమీర్ కిటికీ దగ్గరికి పోయి, గోడను చేత్తో కొట్టి, మునివేళ్ల మీద లేచాడు. "భైంస్," అన్నాడు.

ఎదురింటివాళ్లు ఆ వేళకు గేదెను బయట కట్టేస్తారు. వాడికి కిటికీ అందదు. టబ్బు బోర్లించి ఎక్కితే గేదె కనబడుతుంది. మూడు రోజుల యుద్ధానికి అదీ కారణం. వాడికి టబ్బే అక్కర్లేదు.

"జమీర్‌కు గేదె కనపడాల. ఎక్కేదానికి ఇంకేమన్నా ఉందేమో చూడండి," అన్నాడు పాల్ రాజు.

వెతుకులాట మొదలైంది. షారోన్ ముందు తన చెప్పు తెచ్చింది. జమీర్ ఒంటికాలితో దాని మీద నిలబడి, కిటికీ వైపు చూసి, ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడని గ్రహించాడు. తర్వాత దిండు తెచ్చింది. అది కాలి కింద నలిగి వాడు కూలబడ్డాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ కలిసి మంచం కిందికి దూరి, అతని డ్యూటీ రేకు పెట్టెను చెరో పక్క పట్టుకుని ఈడ్చుకొచ్చారు. టికెట్ మిషను, కాగితాలు పెట్టుకునే పెట్టె అది. దాన్ని ముట్టుకుంటే మేరీ మీద కూడా అరుస్తాడు. ఒక్క క్షణం తటపటాయించి, లోపలున్నవి తీసి మంచం మీద పెట్టి, ఖాళీ పెట్టెను గోడకు ఆనించాడు. జమీర్ ఎక్కాడు. గేదె కనబడింది. వాడు చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. వెనకాల షారోన్ బొమ్మకు తల రుద్దుతోంది. ఆ పొద్దు మిషను ఒక్కసారే ఆగింది. అదీ దారం తెగి.

అన్నీ అంత సులువుగా తెగలేదు. వంటింటి దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఒకటి ఉంది. దాన్ని ఇద్దరూ ఒకే పనికి అడిగేవాళ్లు. ఇద్దర్నీ ఎక్కిస్తే ఒకరి మోకాలు ఇంకొకరి కడుపులో ఉండేది. వంతులేయాలి. అయితే మూడేళ్లవాళ్లకు అయిదు నిమిషాలంటే ఏం తెలుస్తుంది? గడియారం చూపిస్తే జమీర్ దాన్ని కూడా మేరా అన్నాడు.

పాల్ రాజు ఉయ్యాల తాడు పట్టుకుని, అలవాటైన గొంతుతో కేకేశాడు. "ప్రొద్దుటూరు, రైట్." ఉయ్యాల కదిలింది. పది ఊపులయ్యాక, "జమ్మలమడుగు." ఇంకో పది ఊపులకు, "ముద్దనూరు." తర్వాత, "తొండూరు, తొండూరు." చివరికి ఉయ్యాల ఆపి, "పులివెందుల వచ్చింది. దిగాల." షారోన్ నోరు తెరుచుకుని చూసింది. దిగింది. బస్సు ఆగినాక దిగకపోవడం ఆమెకు తెలియదు. జమీర్ మొదటి రోజు పులివెందులలో ఏడ్చాడు, రెండో రోజు ముక్కుతో మూలిగాడు, మూడో రోజు ఆగకముందే దిగబోయి అతని చేత చిక్కాడు.

వారం తిరిగేసరికి కేకలేసే పని షారోన్ తీసుకుంది. తన వంతుకు ప్రతి ఊరు దగ్గరా చాలాసేపు ఆగేది. జమీర్ వంతుకు బస్సు ఎక్స్‌ప్రెస్ అయ్యేది. ఒకరోజు జమ్మలమడుగు తర్వాత నేరుగా తొండూరు అనేసింది. ఉయ్యాలలోంచి జమీర్ తల బయటికి పెట్టాడు.

"ముద్దూరు?" అన్నాడు.

షారోన్ వినపడనట్టు పైకి చూసింది.

"ముద్దూరు," అని వాడు గట్టిగా అన్నాడు. దిగలేదు. చీరను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

పాల్ రాజు నవ్వు ఆపుకుని, "ప్యాసింజరు ఏందో అడుగుతాండాడమ్మా. చెప్పు," అన్నాడు. షారోన్ కొంచెంసేపు ఆలోచించి, ఉయ్యాలను వెనక్కి లాగి, "ముద్దనూరు," అంది. బస్సు రివర్సులో ముద్దనూరు పోయి, మళ్లీ తొండూరు వచ్చింది. మధ్యాహ్నం ఈ సంగతి చెబితే రేష్మా నమ్మలేదు.

"వాడు తెలుగులో మాట్లాడినాడా అన్నా?"

"తెలుగులో కొట్లాడినాడు," అన్నాడు అతను.

మూడు వారాలు గడిచాయి. పాల్ రాజుకు ధైర్యం ఎక్కువైంది. దాసయ్యకు ఫోన్ చేసి, పిల్లల్ని పెంచడంలో ఏమీ లేదప్పా, మనం తొందరపడకుంటే చాలు, అని అరగంట చెప్పాడు. అతను ఫోన్ పెట్టీ పెట్టకముందే షారోన్ కేక వినబడింది. మామూలు కేక కాదు. ఆమె మోచేతి కింద ఎర్రగా పళ్ల గుర్తులు, గుండ్రంగా. జమీర్ పక్కనే నిలబడి ఉన్నాడు. చేతిలో చిలక బొమ్మ.

పాల్ రాజు అరిచాడు. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు అది. నాలుగు గోడల మధ్య ఎంత పెద్దగా ఉంటుందో అతనికి అంతవరకు తెలియదు. జమీర్ చేతిలోంచి చిలక జారిపోయింది. వాడి నిక్కరు తడిసింది. మరుక్షణం మంచం కిందికి దూరి, గోడ వైపు తిరిగి ముడుచుకున్నాడు.

షారోన్ ఏడుస్తూ అటూ ఇటూ చూసింది. అమ్మ లేదు. గుమ్మం వైపు రెండు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, నేల మీద కూర్చున్న తండ్రి ఒళ్లోకి వచ్చి పడింది. కట్టు మీద ఆమె మోకాలు గుద్దుకుంది. నొప్పి వేసినా పాల్ రాజు కదల్లేదు. ఆ చేతిని తన చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఏడుపు తగ్గుతుంటే మంచం కింద వెక్కిళ్లు వినబడ్డాయి. అతను తల వంచి మంచం కిందికి చూశాడు.

"జమీరూ," అన్నాడు, ఈసారి మెల్లగా. "నీకు కోపం వచ్చింది. కొరికినావు. షారోన్‌కు నొప్పి అయింది." కొంచెం ఆగాడు. "నాకూ కోపం వచ్చింది. అరిచినా. నీకు భయం అయింది. అట్ల అరవకుండా ఉండాల్సింది నేను."

అతను షారోన్ చేతిని మంచం వైపు తిప్పి చూపించాడు.

"షారోన్ చెయ్యి మండుతాంది. మనం ఏం జేద్దాం చెప్పు."

చాలాసేపటికి ఒక చెయ్యి కనబడింది, తర్వాత తల. వాడు పాక్కుంటూ వచ్చి, షారోన్ చేతిని చూసి, తను చేసినదేనా అన్నట్టు వేలితో తడమబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. వాడు ఆలోచించి, బుగ్గలు పూరించి, దూరం నుంచే ఊదాడు. ఊపిరి కంటే ఉమ్మి ఎక్కువ పడింది. షారోన్ ముఖం తుడుచుకుంది. మళ్లీ ఊదాడు. ఈసారి ఆమె చెయ్యి కొంచెం ముందుకు పెట్టింది.

అప్పటికే రేష్మా గుమ్మంలో ఉంది. గుర్తులు చూసి, కొడుకు మీదికి చెయ్యెత్తింది.

"కొట్టొద్దు రేష్మా. వాళ్లు మాట్లాడుకున్నారు."

"వీడు ఏం మాట్లాడినాడన్నా?"

"ఊదినాడు."

ఆమె చెయ్యి దించి, తడిసిన నిక్కరు చూసి, కొడుకును ఎత్తుకుంది. సాయంత్రం మేరీ కూతురి చేతికి మందు రాసి, జమీర్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి నోట్లో వేలు పెట్టి తడిమింది.

"వెనక దవడ పండ్లు వస్తాండాయి. చిగురు గట్టిగా ఉబ్బింది. పొద్దుటి నుంచి సలపరిస్తా ఉంటాది, పాపం. క్యారెట్టు ఫ్రిజ్‌లో పెట్టి ఇయ్యండి. కొరికేదానికి ఏదో ఒకటి కావాల వానికి."

మరుసటి రోజు నుంచి జమీర్ జేబులో చల్లటి క్యారెట్టు ఉండేది. కోపం వచ్చినప్పుడు షారోనే వాడి జేబులోంచి దాన్ని తీసి నోటికి అందించేది. పాల్ రాజు ఇక దాసయ్యకు ఫోన్ చేసి పాఠాలు చెప్పలేదు.

కట్టు విప్పడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక పదకొండింటప్పుడు ఇల్లు నిశ్శబ్దమైంది. పాల్ రాజు మంచం మీద పేపరు చదువుతున్నాడు. ఏడుపు లేదు, నవ్వు లేదు, నాది లేదు, మేరా లేదు. రెండు నిమిషాలు గడిచాక అతను పేపరు పక్కన పడేశాడు. లేచి వంటింటి గుమ్మం దాకా పోయాడు.

రేకు పెట్టె మీద పీట, పీట మీద షారోన్. ఆ పీట కదలకుండా జమీర్ రెండు చేతులా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, ముఖం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. షారోన్ అరలోంచి బెల్లం డబ్బా మూత తీసింది. ఒక ముక్క తీసి కిందికి చూడకుండా జమీర్ నోటికి అందించింది. చేతులు ఖాళీ లేవు కదా వాడికి. ఇంకో ముక్క తన నోట్లో వేసుకుంది. మూడో ముక్క చేతిలో పట్టుకుంది.

మూడో ముక్క దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జమీర్ నోరు మళ్లీ తెరిచాడు. షారోన్ తన నోరు కూడా తెరిచింది. ముక్క మధ్యలో ఆగింది. పాల్ రాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ నెల రోజుల్లో చేసిందంతా ఆ వేలెడు ముక్క మీద ఉన్నట్టు అనిపించింది. పీట కొంచెం ఊగితే మాత్రం పట్టుకోవడానికి చెయ్యి ముందుకు చాచాడు.

ఆ కదలికకు ఇద్దరూ తల తిప్పి అతన్ని చూశారు. షారోన్ భయపడలేదు. ముక్కను చూసింది, జమీర్‌ను చూసింది.

"నాయనకు?" అని అడిగింది.

జమీర్ బెల్లం నములుతూ తీవ్రంగా ఆలోచించాడు. "మామూకు," అని మేనమామ వరుస కలిపి ఒప్పుకున్నాడు.

తిట్టాలి. ఎత్తు మీద ఎక్కడం, అడక్కుండా తీయడం, రెండూ తప్పులే. పాల్ రాజు ముందు కూతుర్ని రెండు చేతులా ఎత్తి కిందికి దించాడు. ఎక్కితే పడతారనీ, కావలసింది అడగాలనీ చెప్పాడు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. షారోన్ ఇంకా ముక్కను అతని ముఖం ముందు పట్టుకునే ఉంది. తిన్నాడు.

సాయంత్రం మేరీ డబ్బా తగ్గిన సంగతి కనిపెట్టింది. "ఎవరు తిన్నారు?" అంది.

"ముగ్గురం," అన్నాడు పాల్ రాజు. జరిగింది చెప్పాడు. ఆమె నవ్వలేదు. అతన్నీ, మంచం పక్కన గోడకు ఆనించి ఉన్న చంకకర్రనూ మార్చి మార్చి చూసింది.

"కర్ర లేకుండా వంటింటి దాకా ఎట్ల పోయినావు?"

అతను కర్రను చూశాడు, వంటింటి గుమ్మాన్ని చూశాడు.

"నాకే తెల్దు మేరీ."

"నొప్పి ఉందా?"

అతను కాలు కదిలించి చూసుకున్నాడు. లేదన్నాడు. ఆమె కట్టును నాలుగు పక్కలా తట్టి, వేళ్లు నొక్కి, సరే, డాక్టరు చెప్పేదాకా మళ్లీ అట్ల నడవొద్దని గట్టిగా చెప్పింది. తర్వాత లేచి, బెల్లం డబ్బాను అన్నిటికంటే పై అరలో, పిండి డబ్బాల వెనకాల పెట్టింది.

పిల్లల చేతికి అందకుండా అది అక్కడ రెండు రోజులే ఉంది.